సుంకన్నకు ఏ బండి?

మౌలాలి తాత శిష్యుల్లో జిలానికి ఒక్కటే బాధ. తనకు అన్నీ తెలుసు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఒక్క తాతకే ఎందుకో తెలిసినట్టు లేదు.

నంద్యాల నుంచి డోన్ పోయే రోడ్డు పక్కన తాతకు ఒక రేకుల కొట్టం ఉంది. గురువారం నాడు అందులో గద్దె మీద కూర్చుంటాడు. గద్దె అంటే సింహాసనం కాదు, కాళ్లు అరిగిన పాత చెక్కబల్ల. దాని మీద పచ్చగుడ్డ పరిచి ఉంటుంది. కష్టంలో ఉన్నవాళ్లు వస్తారు, చెప్పుకుంటారు, తాత నాలుగు మాటలు చెప్పి పంపుతాడు. హిందువులూ వస్తారు, తురకలూ వస్తారు. శిష్యుల్లో ఎవరైనా పండారనిపిస్తే తాత ఆ చోటు చూపించి "ఇంక నువ్వు కూర్చో" అంటాడు. అంతే అనుమతి. ఆ ఒక్క మాట కోసం జిలాని జుట్టు నెరిసింది.

తాత పాడే తత్వాలన్నీ అతనికి కంఠతా వచ్చు. అర్థాలు చెప్పమంటే ఒక్కో చరణానికి మూడు అర్థాలు చెప్పేవాడు. అది చాలదన్నట్టు, నంద్యాలలో అతనికి కార్ల విడిభాగాల అంగడి ఉంది. బండి ఇంకా మలుపు తిరగకముందే చప్పుడు విని అది పెట్రోలో డీజిలో, దాని వయసెంతో, ఆయిల్ మార్చి ఎన్నాళ్లయిందో చెప్పేవాడు. వట్టి కోతలు కావు, ప్రతిదీ నిజమయ్యేది. నిజమయ్యే కొద్దీ మనిషి ఇంకో రెండంగుళాలు పైకి లేచేవాడు.

కిందటేడు గాజుల కాశింకు తాత అనుమతి ఇచ్చేశాడు. కాశిం మంచివాడే. కానీ నాలుగు తత్వాలు వరుసగా పాడమంటే మూడో దాంట్లో రెండోది కలిపేస్తాడు. ఆ నాలుగూ అతనికి నేర్పింది జిలానే. ఆ రోజు నుంచి జిలానికి అన్నం సయించలేదు.

ఒక గురువారం జనం రాకముందే వచ్చి తాత ముందు కూర్చున్నాడు.

"తాతా, ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దు."

"కోపం రావాలన్నా ఓపిక ఉండల్ల కదా నాయనా. అడుగు."

"నాలో ఏం తక్కువ?"

తాత అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. పోయిన సూది కోసం వెతికినట్టు నిజంగానే వెతికాడు.

"తక్కువేమీ కనపళ్లేదే," అన్నాడు.

"మరి?"

"ఉండు. ఎవురో ఒకరు వస్తారు కదా, చూద్దాం."

జనం రావడం మొదలైంది. ఒకావిడ పిల్లవాడికి దిష్టి తగిలిందని వచ్చింది. ఒకాయన తమ్ముడు మాట్లాడటం లేదని వచ్చి ఏడ్చి వెళ్లాడు. ఆ తర్వాత బయట ఆటో ఆగింది. ముప్పై అయిదేళ్ల మనిషి ఒకతె దిగి, గడప దగ్గర చెప్పులు విడిచి, అక్కడే నిలబడి దండం పెట్టింది.

"నా పేరు మద్దిలేటమ్మ తాతా. పాత కారు ఒకటి తీసుకుందామనుకుంటాండాం. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీలో రెండు బండ్లు చూసినాం. ఒకటి పెట్రోలు, ఒకటి డీజిలు. ఇంట్లో తేలడం లేదు. మా ఆయన, తాత యాది చెప్తే అదే అన్నాడు."

లోపల కూర్చున్నవాళ్లు నవ్వారు. తాత కూడా నవ్వాడు.

"నేను సైకిలు తొక్కినోణ్ణి కూడా కాదు తల్లీ. ఇదిగో, మా జిలాని ఉండాడు. ఇది అతని సంగతి." జిలాని వైపు తిరిగాడు. "చెప్పు నాయనా. ఆ యమ్మకు ఏది మేలో నువ్వే చెప్పు."

ఇన్నేళ్లకు తాత అందరి ముందూ జిలానిని అడిగాడు. పరీక్ష అని అర్థమైంది. పైగా తనకు కొట్టిన పిండి అయిన సంగతిలో పరీక్ష. పైకండువా సర్దుకుని లేచి నిలబడ్డాడు.

"బండి ఊళ్లోనే తిరుగుతుందా, దూరాలు పోతుందా?"

"ఊళ్లోనే సామీ. సాయంత్రం పూట కొంచెం దూరం."

ఇంక జిలానిని ఆపడం ఎవరి తరం! డీజిలు ఇంజను ఎలా పుట్టిందో అక్కడి నుంచి మొదలుపెట్టాడు. డీజిలు బండి ఎద్దు లాంటిదన్నాడు, దూరం నడిస్తేనే దానికి ఆరోగ్యం అన్నాడు. రోజూ కాస్త దూరం పోయి ఆగిపోతే పొగగొట్టంలో మసి ఎలా పేరుకుంటుందో, ఇంజక్టర్లు ఎలా మూసుకుపోతాయో, పాత బండిలో టర్బో పోతే ఇంట్లోవాళ్లు ఎలా తలలు పట్టుకుంటారో కళ్లకు కట్టాడు. మైలేజీ చూసి మోసపోవద్దన్నాడు. పెట్రోలు బండి కుదుపు తక్కువ, చప్పుడు తక్కువ, రిపేరు వచ్చినా ఏ వీధి మెకానిక్కైనా చేస్తాడన్నాడు. మధ్యలో ఒక తత్వం కూడా అందుకుని దానికి కొత్త అర్థం చెప్పాడు. అందులో ఒక్క మాట తప్పు లేదు. వింటున్నవాళ్లు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇలాంటి మనిషికి అనుమతి ఎందుకివ్వలేదా అని వాళ్లే అనుకుంటారని జిలాని సంబరపడ్డాడు.

"కాబట్టి పెట్రోలు తీసుకో తల్లీ," అని ముగించాడు. "కళ్లు మూసుకుని తీసుకో. ఇంకెవర్నీ అడగాల్సిన పనే లేదు."

"సరే సామీ," అంది మద్దిలేటమ్మ.

సరే అంది గానీ కదల్లేదు. గడప దగ్గరే కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మొదటి నుంచీ అక్కడే నిలబడి ఉందని జిలానికి అప్పుడు కనిపించింది. ఆమె మొహంలో తేలిక లేదు. ఏదో పోగొట్టుకున్న మనిషిలా ఉంది.

మెచ్చుకోలు కోసం జిలాని తాత వైపు తిరిగాడు.

గద్దె ఖాళీగా ఉంది.

"తాత ఏడీ?"

"నువ్వు టర్బో దగ్గరున్నప్పుడే లేచి బయటికి పాయ కదన్నా," అన్నారెవరో.

జిలానికి ఒళ్లు మండింది. తన పాతికేళ్ల అనుభవం అంతా కుప్పపోసి చెబుతుంటే మధ్యలో లేచిపోయాడా! గబగబా బయటికి వచ్చాడు.

రోడ్డు వార ఆటో ఆగి ఉంది. ఆటో అతను టీకి పోయినట్టున్నాడు. వెనక సీట్లో ఒక ముసలాయన ఒరిగి కూర్చుని ఉన్నాడు. కుడిచేయి ఒళ్లో చచ్చుగా పడి ఉంది, నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. ఆయన పక్కన, ఆ ఎండలో, ఆ ఇరుకులో, మౌలాలి తాత కూర్చుని ఉన్నాడు. ముసలాయన నుదుటి చెమట తన పైగుడ్డతో తుడుస్తున్నాడు. ఇంత సేపూ బయట ఒక మనిషి ఉన్నాడని జిలానికి తెలియనే తెలియదు.

"బాగా చెప్పినావు నాయనా," అన్నాడు తాత. "ఈడిదాకా వినపడింది. బండి ఎవురికో అడిగినావా?"

జిలాని వెనకే వచ్చిన మద్దిలేటమ్మ వైపు తిరిగాడు.

"ఎవురికమ్మా బండి?"

ఆమె ఒక్కసారిగా కదిలిపోయింది. ఎవరైనా అడుగుతారేమో అని చాన్నాళ్లుగా కాచుకున్న మనిషిలా చెప్పింది.

"మా నాయనకు సామీ. సుంకన్న అని, ఆర్టీసీలో డ్రైవరు. బతుకంతా బస్సే తోలినాడు. రిటైరైనంక పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. నేనెవురో కూడా తెలుస్తాండాదో లేదో తెలీదు. ఇంట్లో మంచం మీద గోడ వైపు తిరిగి పండుకుంటాడు, అంతే. సాయంత్రం పూట బండిలో అట్లా తిప్పుకొని వద్దామని..." ఆటో వైపు చూసింది. "కన్సల్టెన్సీ కాడ పెట్రోలు బండి స్టార్టు చేస్తే నాయన ఉలకలేదు. డీజిలు బండి స్టార్టు చేస్తే చేయి లేపినాడు. నేను చూసినా. మా ఆయనేమో, పక్షవాతం మనిషికి చేయి వణుకుతుంది లేవే, ఆ లోపల ఏమీ లేదు అన్నాడు. నాకు కారు గొడవ కాదు సామీ. మా నాయన లోపల ఉండాడా లేడా, అదీ నాకు కావల్సింది."

జీవితంలో మొదటిసారి జిలాని ఒక ప్రశ్న ముందు ఉత్త చేతులతో నిలబడ్డాడు.

అప్పుడే డోన్ వైపు నుంచి ఒక బస్సు వస్తోంది. కొట్టం ముందు రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ ఉంది. బస్సు ఇంకా దూరంగా ఉంది. దాని చప్పుడు చెవిన పడగానే జిలాని అలవాటు కొద్దీ తల తిప్పాడు. నాలుగో గేరులో ఉంది, బరువుగా ఉంది, జనం నిండుగా ఉన్నారు.

మళ్లీ ఆటోలోకి చూశాడు. సుంకన్న ఎడమచేయి లేచింది. సీటు మీద నుంచి కొంచెం ముందుకు జరిగి, గాలిలో ఏదో గుండ్రటిదాన్ని పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకున్నాయి. చేయి కిందికి లాగింది.

బస్సు ఇంజను చప్పుడు ఆ తర్వాత మారింది.

చెవి జిలానిని ఎప్పుడూ మోసం చేయలేదు. చేయి ముందు కదిలింది, బస్సు గేరు తర్వాత మారింది. బస్సు దగ్గరికొచ్చింది. సుంకన్న చేయి మళ్లీ కదిలింది, ఈసారి పక్కకు నెట్టి పైకి. ఒక క్షణం ఆగి బస్సు మూలిగి ఇంకో గేరు దిగింది, ఎగుడు దాటింది. లోపల స్టీరింగు పట్టుకున్న డ్రైవరు కంటే ఈ ఆటోలో మనిషికే ముందు తెలిసింది.

బస్సు వెళ్లిపోయింది. దుమ్ము సర్దుకుంది. సుంకన్న చేయి మెల్లగా ఒళ్లోకి వాలింది.

"అమ్మా," అన్నాడు జిలాని. "వణుకు కాదమ్మా అది. నాయన బస్సు తోలినాడు ఇప్పుడు. రెండు గేర్లు దించినాడు. ఒక్కటి తప్పు పోలేదు. ఆ డ్రైవరుకంటే ముందే దించినాడు. నేను చెప్తాండా కదా, లోపల ఉండాడు మీ నాయన. నిండుగా ఉండాడు."

మద్దిలేటమ్మ తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చేసింది. మంచం పట్టిన మనిషి కోసం ఏడ్చే ఏడుపు కాదది. తండ్రి గొప్పతనం చూసి ఆపుకోలేక వచ్చిన ఏడుపు.

జిలాని ఆటో పక్కన నేల మీద గొంతుకూర్చున్నాడు. ముసలాయన కళ్లు తన కళ్లకు ఎదురుగా వచ్చేదాకా వంగాడు.

"సుంకన్నా, నిన్ను అడక్కుండా పెట్రోలు అన్నా. తప్పయింది."

సుంకన్న కళ్లు అతని మీద నిలిచాయి. లాగేసిన ఆ నోటి అంచు ఒకవైపు కొంచెం కదిలింది. నవ్వో కాదో ఎవరు చెప్పగలరు. జిలాని మాత్రం నవ్వే అనుకున్నాడు.

లేచి కూతురితో అన్నాడు. "డీజిలు తీసుకో తల్లీ. నాయనను వెనక పండబెట్టద్దు, ముందు సీట్లో కూర్చోబెట్టు. అద్దం దించు, చప్పుడు వినపడల్ల. వారానికొక దినం డోన్ దాకా తిప్పుకొని రా, బండికీ మేలు, ఆయనకూ మేలు. మసి పట్టినా, ఏం వచ్చినా నా అంగడికి తీసుకురా. ఆ బండి బాధ్యత నాది."

"ఇందాక డీజిలు వద్దంటివే సామీ?"

"అంటిని," అన్నాడు జిలాని. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఒక తత్వమూ పాడలేదు, అర్థమూ చెప్పలేదు.

తాత ఆటోలోంచి దిగే ప్రయత్నం ఏదీ చేయలేదు. ఇంకొంచెం సర్దుకుని వెనక్కి ఆనుకున్నాడు.

"నాకు ఈడ బాగుంది నాయనా," అన్నాడు. "లోపల జనం కాచుకోనుండారు. పో, ఇంక నువ్వు కూర్చో."

ఆ మాట ఎప్పుడు వస్తుందా అని జిలాని ఎన్ని గురువారాలు ఎదురుచూశాడో. వస్తే ఊరంతా మిఠాయి పంచాలనుకున్నాడు. కాశిం ఎదురుగా నిలబడి వినాలని కూడా కోరుకున్నాడు. తీరా వచ్చాక అవేవీ గుర్తు రాలేదు. లోపల ఎవరు కూర్చుని ఉన్నారో, ఎంతసేపటి నుంచి కూర్చుని ఉన్నారో, అదొక్కటే తోచింది. తాత పాదాలు తాకాడు. పక్కనే ఉన్న సుంకన్న పాదాలూ తాకి, తల వంచుకుని కొట్టం వైపు నడిచాడు.

గడప దాటుతుంటే వెనక నుంచి మద్దిలేటమ్మ గొంతు వినిపించింది.

"ఆయనకు బండ్ల గురించి ఎంత తెలుసో తాతా!"

"బండ్ల గురించి ముందునుంచీ తెలుసులే తల్లీ," అన్నాడు తాత. పెళ్లికొడుకును చూసుకుని మురిసే తండ్రి గొంతులో ఎంత గర్వం ఉంటుందో అంతా ఆ గొంతులో ఉంది.