గుర్రాలబస్తీ సున్నపు గీత

ప్రశ్న అడిగినవాడి చేతిలో ఏదో ఒక పని పెట్టడం బాల్‌రాజ్ సారుకు అలవాటు. సికింద్రాబాదు గుర్రాలబస్తీ గ్రౌండులో ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పెనాల్టీ ఎందుకు బయటికి పోయింది సార్ అని అడిగినవాడు ఆ సాయంత్రమంతా బంతులకు గాలి కొడుతూ కూర్చున్నాడు. నన్ను కెప్టెన్ని ఎందుకు చెయ్యలేదు సార్ అని అడిగినవాడు వారం పాటు అందరి నీళ్ళ సీసాలూ మోశాడు. ఇద్దరికీ జవాబు దొరికిందనే చెబుతారు. ఏం దొరికిందయ్యా అంటే మాత్రం నవ్వి ఊరుకుంటారు. అందుకే ఆయన దగ్గర ఊసుపోక ప్రశ్నలు వేసేవాళ్ళు తక్కువ. కడుపులో నిజంగా మండితేనే నోరు విప్పుతారు.

ఆ ఆదివారం పొద్దున ఉపేందర్‌కు నిజంగానే మండింది. అతనూ ఒకప్పుడు ఆ గ్రౌండులో బంతి తన్నినవాడే. మోకాలు చెడిపోయాక ఆట వదిలి పత్రికలో ఆటల గురించి రాయడానికి కుదురుకున్నాడు. ఏటా దక్కన్ లీగ్ మొదలయ్యే ముందు ఏ జట్టు గెలుస్తుంది, ఏది మునుగుతుంది అని అతను రాసే జోస్యాన్ని జనం టీ బండ్ల దగ్గర గట్టిగా చదువుకుంటారు. ఈ ఏడు మాత్రం ఆ జోస్యం కాలం కాని కాలంలో పెట్టిన ఆవకాయలా పాడైంది. కప్పు ఎత్తుతుందన్న ఓరుగల్లు ఎలెవెన్ సగంలోనే చతికిలపడింది. చిన్న జట్టని తీసిపారేసిన కోనసీమ యునైటెడ్ పెద్దవాళ్ళందరికీ చెమటలు పట్టించింది. అన్నిటికన్నా అడుగున ఉంటుందని అతను ఢంకా బజాయించి చెప్పిన మూసీ రోవర్స్ ఏకంగా ఫైనల్ ఆడింది.

ఉగాదినాడు పంచాంగం చెప్పిన పంతులుగారిని మళ్ళీ ఉగాదికి ఎవరూ నిలదీయరు. గుర్రాలబస్తీలో మాత్రం నిలదీస్తారు. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. లీగ్ ముగిశాక సారు శిష్యులంతా చేరి సరదాకు ఒక మ్యాచ్ ఆడతారు. ఆ ఏడు ఎవడి జోస్యం బాగా తప్పితే వాడు ఆ మ్యాచ్‌కు గ్రౌండులో సున్నపు గీతలు గియ్యాలి. ఈసారి వేలెత్తి చూపించాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఉపేందర్ బండి దిగేసరికే అడుగున చిల్లులు పొడిచిన సున్నం డబ్బా అతని కోసం దారిలో పెట్టి ఉంది. చుట్టూ నవ్వులే.

అతనూ నవ్వాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా పోలేదు. జరిగింది వెనక్కి తిరిగి చూస్తూ ఒక వ్యాసం రాసి ఆ సాయంత్రానికి పత్రికకు ఇవ్వాలి. దాదాపు రాయడమైపోయింది. అందులో వానలున్నాయి, రెఫరీల పొరపాట్లున్నాయి, ఆటగాళ్ళ కాళ్ళకు తగిలిన దెబ్బలున్నాయి. అన్నీ నిజాలే. అయినా చదువుకుంటుంటే ఆడలేక మద్దెల ఓడన్నట్టు అతనికే వినిపిస్తోంది. ఎక్కడ బెసికిందో తెలియడం లేదు. తెలియడం లేదని తనకు తాను చెప్పుకుంటున్నాడు.

అతను తలెత్తి చూడని మనిషి ఒకడు అప్పటికే గ్రౌండులో ఉన్నాడు. గోలు దగ్గర నిలబడి కుర్రాళ్ళు కొట్టే బంతులు ఆపుతున్నాడు. పేరు శౌరి, మూసీ రోవర్స్ గోల్‌కీపర్. ఉపేందరూ అతనూ ఒకే ఏడు సారు దగ్గర చేరారు, ఒకే సైకిల్ మీద గ్రౌండుకు వచ్చేవారు. పెద్దయ్యాక కూడా ఆదివారం చర్చి అయ్యాక శౌరి నేరుగా ఉపేందర్ ఇంటికి వచ్చి, అడక్కుండానే కంచం ముందు కూర్చునేవాడు. ఈ సీజన్‌కు ముందు ఉపేందర్ రాసిన ఒక్క వాక్యంతో ఆ రాకపోకలు ఆగాయి. "మూసీ రోవర్స్‌కు గోల్‌కీపర్ లేడు, రెండు గోలుపోస్టులు ఉన్నాయంతే" అని రాశాడతను. జనానికి అది తెగ నచ్చింది. క్లబ్బువాళ్ళు చదివి, ఎందుకైనా మంచిదని బయటినుంచి ఇంకో కీపర్ని తెచ్చుకుని శౌరిని పక్కన కూర్చోబెట్టారు. కొత్తవాడు గోలు మీద గోలు వదులుతుంటే విధిలేక మళ్ళీ ఇతన్నే దింపారు. అప్పట్నుంచే జట్టు లేచింది. అయినా ఏ ఊళ్ళో ఆడినా వెనక నిలబడ్డ జనం "ఏయ్ గోలుపోస్టూ" అని అరుస్తూనే ఉన్నారు. శౌరి ఒక్కనాడూ ఫోన్ చేసి ఇదేంట్రా అని అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఉపేందర్ ఎన్నోసార్లు అనుకున్నాడు.

బాల్‌రాజ్ సారు గ్రౌండు అంచున ఇనుప కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఉపేందర్ డబ్బా పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు.

"సార్, నేను ఆటను చూడకుండ రాయలేదు. ప్రతి జట్టు ప్రాక్టీసుకు పోయి చూసిన, అన్నీ లెక్కలేసిన. అయినా ఇంతగనం ఎందుకు తప్పిన? అసలు ముందుగాల చెప్పుడే తప్పా?"

సారు వేలితో గోలు వైపు చూపించారు.

"అటు గోల్ గీత గియ్యి పో. ఈ జెండా కాడికెంచి ఆ జెండా దాంక. తాడు కట్టకు."

"తాడు లేకుంటే వంకర పోతది సార్."

"నువ్వు రాసేటప్పుడు తాడు కట్టుకొని రాసినవా?"

ఉపేందర్ మూలకు వెళ్ళి, అవతలి జెండా మీద చూపు నిలిపి, డబ్బా నేలకు వంచి నడవడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు చేసిన పనో. చెయ్యి ఆడిస్తూ పోతే సున్నం సన్నగా రాలుతుంది, కాలు తడబడకూడదు, అంతే. సగం దూరం దాకా హాయిగా సాగింది. అప్పుడు గోలు వచ్చింది. గోల్ గీత రెండు పోస్టుల మధ్యగా పోవాలి. సరిగ్గా ఆ గీత పడాల్సిన చోట శౌరి నిలబడి ఉన్నాడు, వీపు గోలు లోపలికి పెట్టి, చేతులు చాచి, వచ్చే బంతి మీదే చూపు పెట్టి.

ఉపేందర్ అడుగు ఒక్క క్షణం ఆగింది. తర్వాత అతను పిల్లిలా శౌరి వెనకనుంచి చుట్టి, రెండో పోస్టు దగ్గర మళ్ళీ దారిలో పడి, గబగబా అవతలి జెండా చేరాడు. చెమట పట్టింది. అది ఎండ వల్ల కాదని అతనికి తెలుసు.

సారు కుర్చీలోంచి లేచి, గ్రౌండు అంచునే మెల్లగా నడుచుకుంటూ అతని పక్కకు వచ్చి నిలబడ్డారు. "ఇప్పుడు వెనక్కి మళ్ళి చూడు" అన్నారు.

ఉపేందర్ చూశాడు. ఈ చివర గీత చక్కగా ఉంది. ఆ చివరా చక్కగా ఉంది. గోలుపోస్టుల మధ్య మాత్రం, ఎక్కడైతే వెంట్రుకవాసి తేడా వచ్చినా గోలో కాదో తేలదో అక్కడ, గీత నిండు చూలాలి పొట్టలా వెనక్కి ఉబికి ఉంది. బంతులు కొడుతున్న కుర్రాళ్ళు కూడా ఆట ఆపి దాన్నే చూస్తున్నారు. ఒకడు కిసుక్కున నవ్వాడు.

"నీకు గీత గియ్యరాదని ఎవడన్న అంటడా? ఈడ రాని వంకర, ఆడ రాని వంకర, గాడనే ఎందుకొచ్చింది?" అన్నారు సారు. గొంతులో కోపం లేదు.

ఉపేందర్ ఆ ఉబ్బు వంక చూస్తూ ఉండిపోయాడు. చూస్తుంటే లీగ్‌కు ముందటి ఒక సాయంత్రం కళ్ళ ముందుకొచ్చింది. మూసీ రోవర్స్ ప్రాక్టీసు చూసి ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పుతూనే భార్యతో అన్నాడు, ఈ ఏడు మన శౌరిని దాటి బంతి పోవాలంటే దేవుడు దిగి రావాలని. ఆ మాటే రాయాలని కూర్చున్నాడు కూడా. ఇంతలో ఆఫీసులో పక్క కుర్చీవాడు పోయినేడు అన్న మాట గుర్తొచ్చింది. శౌరిని రెండు ముక్కలు మెచ్చుకున్నందుకు, కాకి పిల్ల కాకికి ముద్దు అని నలుగురిలో నవ్వాడు వాడు. మళ్ళీ ఆ మాట పడకూడదనుకున్నాడు ఉపేందర్. పక్షపాతం లేదనిపించుకోవడానికి అవతలి పక్కకు వంగాడు. వంగినకొద్దీ వాక్యం బాగా కుదిరింది. కుదిరిన వాక్యాన్ని చెరపబుద్ధి కాలేదు. ఓరుగల్లు గురించి తప్పడం వేరు, కోనసీమ గురించి తప్పడం వేరు. అవి చూసినా తెలియక తప్పినవి. ఇది తెలిసి తప్పింది.

అతను వెనక్కి నడిచాడు. గోలు దగ్గరికి వచ్చి, చెప్పు కాలితో ఆ వంకర గీతను మట్టిలో కలిపేశాడు. దుమ్ము లేచి సర్దుకుంది. శౌరి బంతి చంకన పెట్టుకుని అటే చూస్తున్నాడు.

"శౌరీ, జర జరుగు రా" అన్నాడు ఉపేందర్. ఇన్ని నెలల తర్వాత అదే మొదటి మాట.

"గోలుపోస్టులు యాడన్న జరుగుతయా?" అన్నాడు శౌరి. నవ్వలేదు.

ఉపేందర్ డబ్బా కింద పెట్టాడు. "ఆ రోజు నీ ప్రాక్టీసు చూసిన రా. ఎంత మంచిగ ఆడుతున్నవో నాకు తెలుసు. మా గ్రౌండోడని పొగిడిన అంటరని భయపడ్డ. తెలిసే అట్ల రాసిన."

శౌరి చేతి తొడుగులు విప్పాడు. వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టి, దుమ్ము దులిపి, మళ్ళీ విడదీశాడు.

"నువ్వు ఆ రోజు గ్యాలరీల లేచి నిలబడి చప్పట్లు కొట్టినవు. నేను చూసిన. తెలువక రాసినవనుకుంటే ప్రతి ఆదివారం వస్తుంటి గద రా" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఉపేందర్ శౌరికి ఆ వాక్యం నొప్పి కలిగించిందనుకున్నాడు. ఆ చప్పట్లు గుర్తుంటాయని అనుకోలేదు. కళ్ళు తడి అయితే సున్నం పడిందన్నట్టు తుడుచుకున్నాడు. శౌరి అదీ చూశాడు. చూసి, రెండడుగులు ముందుకు జరిగాడు.

ఖాళీ అయిన ఆ చోటులో, ఈ పోస్టు నుంచి ఆ పోస్టు దాకా, ఉపేందర్ వంగి నెమ్మదిగా గీత గీశాడు. మొదటి గీతకన్నా చాలా సేపు పట్టింది. మ్యాచ్‌కు వచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు కానీ ఎవరూ ఎగతాళి చేయలేదు. సాయంత్రం ఇవ్వాల్సిన వ్యాసాన్ని మొదటినుంచీ తిరిగి రాయాలని అతనికి అప్పుడే తెలిసిపోయింది. అందులో వానకూ రెఫరీలకూ చోటు ఉంటుందో లేదో కానీ, మొదటి వాక్యం మాత్రం ఎవరి గురించో తెలిసింది. శౌరి వచ్చే ఆదివారం వస్తాడా రాడా అన్నది తెలియలేదు. దాని మీద జోస్యం చెప్పే ధైర్యం అతనికి లేదు.

అతను డబ్బా తీసుకుని సారు దగ్గరికి వచ్చాడు. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చుని ఉన్నారు, కళ్ళు సగం మూసుకుని.

"సార్, ఇప్పుడు సక్కగ వచ్చిందా?"

బాల్‌రాజ్ సారు గీత వంక చూడనైనా చూడలేదు.

"నన్ను అడుగుతవేందిరా. దాని మీద నిలబడేటోన్ని అడుగు" అన్నారు.