రాణి ఎందుకు ఆగింది?

ఉప్పుకోట మీది చాందినీ తాడు విప్పింది ఎవరు? ఈ ఒక్క ప్రశ్న దస్తగిరికి కొన్నాళ్ళుగా తిన్న తిండి ఒంటబట్టనివ్వడం లేదు.

నిజం కోటైతే ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవచ్చు. అది కథలో కోట. ఆ కథ పూర్తిగా తెలిసినవాడు ఒక్కడే, అతని గురువు జిలానీ షా ఫకీరు. ఆయనేమో చెప్పడు.

ఉదయగిరి కొండ వాలులో ఫకీరు ఉండే తకియా ఉంది. రెండు చిన్న గదులు, వాటి ముందు చదును చేసిన నేల. ప్రతి గురువారం సందె నమాజు అయ్యాక అక్కడ కథ సాగుతుంది. సాయబులనీ లేదు, హిందువులనీ లేదు, పనులు ముగించుకున్నవాళ్ళంతా వాలెక్కి వచ్చి కూర్చుంటారు.

కథలో ఒక దేశం ఉంది. అక్కడ రాయి దొరకదు, ఉప్పే దొరుకుతుంది. అందుకని కోటను ఉప్పుదిమ్మెలతో కట్టుకున్నారు. మబ్బు పట్టిందంటే చాలు, కోట మొత్తం కప్పేటంత చాందినీ గుడ్డ లాగి తాళ్ళు బిగిస్తారు. ఒక రాత్రి ఎవరో ఆ తాడు విప్పారు. వాన కురిసింది. తెల్లారేసరికి కోట కరిగిపోయింది, రాజు దాని కింద సమాధి అయిపోయాడు. ఒళ్ళో బిడ్డతో జొహరా రాణి మాత్రం బయటపడింది. ఆ బిడ్డ పెరిగి పెద్దవాడై, మాట్లాడే కొండలూ రెక్కల గుర్రాలూ దాటుకుంటూ, తాడు విప్పిన చెయ్యి ఎవరిదో వెతుక్కుంటూ తిరుగుతాడు.

గురువారం ఫకీరు చెబుతాడు. మిగతా రోజులన్నీ ఊరు ఆ తాడు పట్టుకుని లాగుతుంది.

“ఆ మూగ కాపలావోడు మూగోడు కాదబ్బా, రాజుకి కవల తమ్ముడు. పురిట్లోనే మార్చేసినారు,” అంటాడు గానుగ మలకొండయ్య.

“నీ గానుగెద్దులు రెండూ ఒకే తీరుగా ఉండాయని లోకమంతా కవలలేనా?” అంటుంది గాజులమ్మే పెంచలమ్మ. “ఆ ఒంటికన్ను మంత్రిని చూడు. ఊరంతా తడిసిన రాత్రి వాడొక్కడే పొడి బట్టల్తో వచ్చినాడు. మనం చూళ్ళేదనుకున్నాడు.”

ఈ గొడవల్లో దస్తగిరి మాటకు విలువ ఎక్కువ. అతను దూదేకుల ఇంటి బిడ్డ. మీసాలు రాకముందు ఫకీరు దగ్గరికి వచ్చాడు, ఇప్పుడు గడ్డం కూడా దట్టంగా పెరిగింది. కథ చెప్పడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు.

మొదట్లో ఒకసారి కథ చెబుతుంటే దస్తగిరికి గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. కథ అక్కడే తెగిపోయింది. జనం లేచి ఒళ్ళు విరుచుకున్నారు.

“కథ చెప్పేవాడికి దాహం వెయ్యకూడదురా,” అన్నాడు ఫకీరు ఆ తర్వాత. “వేస్తే కథలోవోడికి వేసిందనాల. వాణ్ణి గుర్రం దింపి వాగు కాడికి తోలు. వాడు తాగే సందులో నువ్వూ ఒక గుక్క తాగు. నీకు దగ్గొస్తే వాడికి రావాల. నీ ఒళ్ళు వినేవాళ్ళకి అడ్డం రాకూడదు.”

మళ్ళీ వారం దగ్గు వచ్చినప్పుడు దస్తగిరి కంగారులో రాకుమారుడికి బదులు గుర్రాన్ని దగ్గించాడు. జనం పడీపడీ నవ్వారు, ఫకీరు కూడా నవ్వాడు. ఆ తర్వాత మాత్రం విద్య పట్టుబడింది. ఇప్పుడు అతనికి తెలియకుండానే ఆ పని జరిగిపోతుంది.

సరే, దస్తగిరి అనుమానం రాణి మీద. దానికి అతని దగ్గర గట్టి ఆధారమే ఉంది. ఆ రాత్రి సంగతి ఎవరు అడిగినా రాణి ఆగుతుంది. “నేను ఆ రాత్రి... అని రాణి కాస్త ఆగింది... మీ నాయన పడక దగ్గరే ఉన్నాను,” అంటాడు ఫకీరు. మామూలు మనిషి ఆగితే వేరు, జిలానీ షా కథలో రాణి ఆగితే వేరు. ఆ కథలో గాలి కూడా ఊరికే వీచదని దస్తగిరికి గురి.

పైగా నిరుటికీ ఇప్పటికీ తేడా ఉంది. నిరుడు రాణి ఎప్పుడో ఒకసారి ఆగేది. ఈమధ్య మాటమాటకీ ఆగుతోంది. మెట్లెక్కుతూ ఆగుతోంది, పూలు కోస్తూ ఆగుతోంది, వంట ఏమి చేశారని అడగడానికి కూడా ఆగుతోంది. పాపం పండే వేళ దగ్గర పడిందని దస్తగిరి తేల్చేశాడు. ఊళ్ళో చెప్పాడు కూడా. సగం ఊరు అవునంది. పెంచలమ్మ మాత్రం మండిపడింది.

“బిడ్డనెత్తుకుని వానలో పరిగెత్తిన తల్లిరా ఆయమ్మ. నోరు కడుక్కోపో,” అంది.

ఇంతవరకూ సరదాగానే ఉంది. పిడుగు పోయిన గురువారం పడింది.

“ఈ ఉరుసుకి కథ నువ్వు చెప్పాల,” అన్నాడు ఫకీరు.

ఈసారి ఉరుసులో చెప్పేది కథలో ఆఖరి భాగం. రాకుమారుడు తల్లి ఎదుట నిలబడి, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పమని అడిగే ఘట్టం. చుట్టుపట్ల ఊళ్ళన్నీ వస్తాయి. ఆ భాగం ఫకీరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రాణి జవాబు మొదలు ఎలా ఉంటుందో దస్తగిరికి నేర్పాడు గానీ ముగింపు నేర్పలేదు.

“మరి చివర, బాబా?”

“చెప్తాలే,” అని ఫకీరు కళ్ళు మూసుకున్నాడు.

అప్పటినుంచి దస్తగిరికి అదే దిగులు. ఉరుసు దగ్గర పడుతోంది. రాణే విప్పిందని జనం ముందు చెప్పాక అది తప్పని తేలితే? మలకొండయ్య గానుగ దగ్గర జీవితాంతం అదే చెప్పుకుని నవ్వుతారు. అదైనా భరించవచ్చు. గురువు పేరు తన నోట చెడిపోతే ఇంక ఎక్కడ తలదాచుకుంటాడు?

అసలు ఆయన ఎందుకు చెప్పడం లేదు? ఆ ప్రశ్న వెంట ఇంకో పురుగు తొలవడం మొదలుపెట్టింది. దాని పేరు హుసేనప్ప.

హుసేనప్ప పెద్ద శిష్యుడు. వంటా నీళ్ళూ చూసుకుంటాడు, కథ జరుగుతుంటే ఓ మూల కునికిపాట్లు పడతాడు. అలాంటివాడు ఈమధ్య పొద్దున్నే ఫకీరు గదిలోకి పోయి తలుపు వేసుకుంటున్నాడు. లోపల గుసగుసలు. మాటిమాటికీ ఊళ్ళోకి పోయి, పైపంచె కింద ఏదో దాచుకుని వస్తున్నాడు. దస్తగిరిని చూస్తే ఠక్కున నోరు మూసుకుంటాడు.

“ఏం దాస్తుండావన్నా?” అని దస్తగిరి ఒకసారి అడిగేశాడు.

“ఏం లేదురా. అడగబాక.”

“ఎవరు దాయమన్నారు?”

హుసేనప్ప గది వైపు చూసి తల దించుకున్నాడు. దస్తగిరికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ముగింపు హుసేనప్పకు చెబుతున్నారు. తనను ఉరుసులో నిలబెట్టి, తడబడేలా చేసి, అప్పుడు వాణ్ణి ముందుకు తోస్తారు. ఫకీరు ఈమధ్య రాత్రిళ్ళు పడుకోకుండా గోడకు ఆనుకుని కూర్చుంటున్నది కూడా అందుకే, ముగింపును సానబట్టుకుంటున్నాడు. అనుమానం పెనుభూతమని తెలుసు. అన్నం పెట్టిన చేతుల మీద ఇలాంటి ఊహలు వస్తున్నందుకు సిగ్గుగానూ ఉంది. అయినా ఆ ఊహలు ఆగడం లేదు.

ఈ గురువారం పొద్దున ఇక తట్టుకోలేక గురువు గదిలోకి పోయాడు. ఫకీరు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

“బాబా, నిజం చెప్పండి. తాడు విప్పింది రాణే గదా?”

“నీకెట్టా తెలుసు?”

“ఆగుతుండాది గదా! అడిగినప్పుడల్లా ఆగుతుండాది. ముందు ఇంతగా ఆగేది కాదు. మనసులో తప్పు లేని మనిషి ఎందుకాగుతుంది?”

ఫకీరు అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు.

“కడవలో నీళ్ళయిపోయినాయి,” అన్నాడు. “చెలమకి పోయిరా.”

“హుసేనప్ప లేడా?”

“ఊళ్ళోకి పోయినాడు.”

మళ్ళీ ఊళ్ళోకే. దస్తగిరి విసురుగా కడవ అందుకున్నాడు.

“అబ్బయ్యా,” అని వెనక నుంచి ఫకీరు పిలిచాడు. “ఎక్కేటప్పుడు రాణి జవాబు చెప్పుకుంటా రా. ఉరుసులో చెప్పినట్టే చెప్పాల. నాకు ఇక్కడికి వినబడాల.”

ఇదే ఆఖరి పరీక్ష అనుకున్నాడు దస్తగిరి. చెలమ వాలు అడుగున ఉంది. నిండా ముంచి, కడవ భుజానికెత్తుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. ఫకీరు తలుపు దాటి వచ్చి, వాలు పైన రాతి మీద కూర్చున్నాడు.

“నాయనా, ఆ రాత్రి ముందు మబ్బే లేదు,” అని దస్తగిరి గొంతెత్తాడు. “చుక్కలు కనబడుతుండాయి. మీ నాయనకి జ్వరం. గాలి ఆడడం లేదన్నాడు. నేను కిటికీ తెరిచినాను...”

దారి నిట్టనిలువుగా ఉంది. గులకరాళ్ళు కాలికింద జారుతున్నాయి. నీళ్ళు తొణికి మెడ మీదుగా కారుతున్నాయి.

“...తెరిచి, బయటికి చూసినాను. కాపలావోడు కనబడలేదు. మంత్రి గదిలో దీపం వెలుగుతుండాది... అని రాణి కాస్త ఆగింది... నేను మెట్లు దిగినాను. కాళ్ళకి చెప్పుల్లేవు...”

సగం వాలు ఎక్కేసరికి రొమ్ము కొలిమి తిత్తి అయిపోయింది. అయినా కథ తెగనివ్వకూడదు. పైన గురువు వింటున్నాడు.

“...చెప్పుల్లేవు. ఉప్పు నేల... అని రాణి మెట్టు మీద నిలబడింది... ఉప్పు నేల చల్లగా తగిలింది. తడిగా తగిలింది. తలెత్తి చూస్తే... అని రాణి మళ్ళీ ఆగింది...”

“ఎందుకాగింది?” అని పైనుంచి ఫకీరు అడిగాడు.

దస్తగిరి నోరు తెరిచాడు. జవాబు నాలుక చివరే ఉంది, ఊరంతా చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబు. అది బయటికి రాలేదు.

ఎందుకంటే అక్కడ రాణి ఆగదు. గురువు నేర్పిన జవాబులో ఆ చోట ఆగడం లేదు. మెట్టు మీద నిలబడడమూ లేదు. ఇప్పుడు ఆగింది తనే. ఊపిరి అందక ఆగాడు, చిన్నప్పుడు నేర్చుకున్న విద్య ప్రకారం ఆ ఆయాసాన్ని రాణికి అంటగట్టాడు.

అతను మెల్లగా తలెత్తి చూశాడు.

ఫకీరు ఏ వాలూ ఎక్కలేదు. కడవా మొయ్యలేదు. గదిలోంచి రాతి దాకా నాలుగు అడుగులు వేసి కూర్చున్నాడంతే. అయినా ఆయన భుజాలు దస్తగిరి భుజాలలాగే ఎగిసి పడుతున్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతోంది. చొక్కా కింద రొమ్ము ఎముకలు ఎప్పుడు అంతగా తేలాయో దస్తగిరికి తెలియదు. ప్రతి వారం ఎదురుగానే కూర్చున్నాడు, ప్రతి మాటా విన్నాడు, ఆగుతున్నది ఎవరో మాత్రం వినలేదు.

కడవ ఎప్పుడు దించాడో, మిగతా వాలు ఎలా ఎక్కాడో అతనికి గుర్తులేదు.

అంతలో ఊరి వైపు దారిలో హుసేనప్ప వచ్చాడు. ఇద్దరినీ చూసి, ఇంక దాచి లాభం లేదనుకున్నాడేమో, పైపంచె కిందిది బయటికి తీశాడు. దగ్గుకీ ఆయాసానికీ వాడే అడ్డసరం ఆకుల కట్ట, కాగితంలో చుట్టిన మిరియాలు.

“చెప్పొద్దన్నాడురా,” అన్నాడు హుసేనప్ప. “తెలిస్తే నువ్వు కథ వినవంట, ఆయన్నే చూస్తా కూర్చుంటావంట.” కషాయం కాచడానికి లోపలికి పోయాడు.

దస్తగిరి గురువు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

ఫకీరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. నీళ్ళతో తడిసిన భుజం.

“అడుగు,” అన్నాడు. “తాడెవరు విప్పినారో ఇప్పుడు చెప్తా.”

ఇన్నేళ్ళ ప్రశ్న. ఊరు ఊరంతా కొట్టుకుంటున్న ప్రశ్న. ఉరుసు నెత్తిమీద ఉంది. చెప్పే మనిషి చెబుతానంటున్నాడు. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పటికీ తెలియకపోవచ్చని దస్తగిరికి ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది.

“ఎన్నాళ్ళ నించి బాబా,” అన్నాడు, “మీకీ ఆయాసం?”

ఫకీరు ముఖం విప్పారింది. ఏదో చెప్పబోయాడు, ఊపిరి అందలేదు. దస్తగిరి తొందరపడలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, ఊపిరి తిరిగి వచ్చేదాకా కనిపెట్టుకుని కూర్చున్నాడు.

“ఇయ్యాల విన్నావురా,” అని ఫకీరు కాస్త ఆగాడు. “కథ.”