నల్లగుట్ట గుహకు కన్నం

నల్లగుట్ట మీద చెట్లు తక్కువ, రాళ్ళెక్కువ. ఆ గుట్ట కడుపులో పొడవాటి గుహ ఒకటుంది. గోడలు నున్నగా ఉంటాయి, కప్పు నుంచి చుక్కలు చుక్కలుగా గడ్డకట్టిన రాళ్ళు వేలాడుతుంటాయి. వాటి మధ్య తరతరాలుగా గబ్బిలాల కాపురం.

గుట్టలో బొరియల తగాదాలన్నీ ఏదుపంది గంగన్న దగ్గరికే వస్తాయి. తవ్వకంలో అతన్ని మించినవాడు లేడు మరి. తీర్పు చెప్పడం కూడా అంత బాగా తెలుసా అంటే, పాపం, అతనికే అనుమానం.

ఒక పొద్దున నక్కా, ముసలి గబ్బిలమూ పోట్లాడుకుంటూ వచ్చాయి.

"మావా, ఆ గుహ మా ముత్తాత తవ్వింది. కప్పుకి నడిమధ్య కన్నం పెట్టిస్తా. గాలీ వెలుగూ వస్తాయి. ఎండకి ఎండి వానకి తడిసే మీరంతా లోపల హాయిగా ఉండొచ్చు," అని నక్క అరచేతిలో వైకుంఠం చూపించింది.

"మాకు వెలుగెందుకు గంగన్నా? బెదిరి బయటికెగిరితే, ఆ కన్నం దగ్గరే ఈ నక్క నోరు తెరుచుకుని కూర్చుంటుంది," అంది గబ్బిలం.

గుట్టలో కట్టుబాటు ఒకటే, తవ్వినవాడిదే బొరియ. నక్క మాట నిజమైతే కాదనడానికి లేదు. అవునంటే గబ్బిలాల కొంప పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గంగన్న ముళ్ళు లేచి పడ్డాయి.

"తవ్వితే వాకిట్లో మట్టి ఉండాలి కదా అల్లుడా?"

"లోయలో పారబోశాడు మావా."

రాతిని కరుచుకుని వింటున్న ఉడుమవ్వ నవ్వింది. "తవ్వడమేంట్రా. ఒకప్పుడీ గుట్ట నిప్పులు కక్కిందని మా పెద్దోళ్ళు చెప్పేవారు. కరిగిన రాయి ఏరులా పారిందట. గంజి చల్లారితే పైన పొర కడుతుంది చూడు, అలా పైభాగం గట్టిపడింది. లోపలిది వేడి మీదే జారి లోయలోకి పోయింది. అది పోయిన ఖాళీయే ఈ గుహ."

"లోయలో నల్లరాళ్ళున్నాయా లేదా అవ్వా?" అంది నక్క.

"ఉన్నాయి."

"అవే మా ముత్తాత పోసిన మట్టి."

గంగన్నకి తల తిరిగిపోయింది. రాయి పారడమేంటి? పోనీ, నక్క గోళ్ళకి రాయి తెగడమేంటి? అవ్వ మాటా సరిగానే ఉంది, నక్క మాటా సరిగానే ఉంది. తను ఒక్క మాట తప్పు చెబితే ఆ గబ్బిలం పిల్లలు పోతాయి. అది తలుచుకుంటే భయం వేసింది. చివరికి, తనకి బాగా తెలిసిన సంగతొక్కటే పట్టుకున్నాడు.

"ఎవరు చేశారో నాకు తేలడం లేదు అల్లుడా. నీదే అనుకుందాం. పాత బొరియకి పైనుంచి దారి పెట్టాలంటే మా ఏదుపందుల్లో ఒక పద్ధతుంది. పెట్టించేవాడు లోపల సరిగ్గా ఆ తవ్వే చోటు కింద పడుకోవాలి, మిగతావాళ్ళం పైన తవ్వుతాం. పద, పడుకో. నేనే తవ్వుతా."

అందరూ గుహ దగ్గరికి వెళ్ళారు. నక్క లోపలికి నాలుగడుగులు వేసి పైకి చూసింది. కప్పు నిండా పగుళ్ళు. అది తోక ముడిచి వెనక్కొచ్చింది.

"అదేం పద్ధతి మావా. ఒక్క దెబ్బ పడితే కప్పంతా కూలిపోదూ?"

గబ్బిలం గంగన్న వైపు చూసింది.

"కూలుతుందని తెలిసే కన్నం పెట్టిస్తానన్నావన్నమాట," అన్నాడు గంగన్న. "నీ ఒంటి మీద పడకూడనిది ఆ పిల్లల మీద పడొచ్చా? గుహ ఎవరిదైనా కానీ, ఇక దాని కప్పు మీద గోరు పడితే నేనూరుకోను."

నక్క ఏదో పనున్నట్టు లోయ వైపు దిగిపోయింది. రాయి ఎలా పారిందో మాత్రం గంగన్నకి ఇప్పటికీ అర్థం కాలేదు.

కప్పుకి కన్నం పెడదామనేవాణ్ణి ముందు దాని కింద పడుకోమనాలి.