ఖాళీ ఇల్లు వెతుక్కున్న దెయ్యం

అనగనగా ఒక ఊళ్ళో, ఊరి పేరు అడక్కండి, నాకూ తెలీదు, మాణిక్యం అని ఒక కోడలుండేది. అత్తగారు పులుపు బాగుందంటే, నాకూ పులుపే ఇష్టం అత్తయ్యా అనేది. మామగారు కారం దట్టించమంటే, నాకూ కారమే ఇష్టం మావయ్యగారూ అనేది. మొగుడు చప్పిడి కూర తింటే తనకీ చప్పిడే ఇష్టం. కోడలంటే మాణిక్యమే అని ఊరంతా ఒకటే పొగడ్త. ఊ కొడుతున్నారా పిల్లలూ, నిద్రపోయారా?

ఆ ఊళ్ళోనే ఒక దెయ్యం. దానికి ఉండడానికి చోటు లేదు పాపం. దెయ్యాలెక్కడుంటాయి? ఖాళీ ఇళ్ళల్లోనేగా. ఈ ఇంట్లో చూస్తే ముసలాయన దగ్గుతున్నాడు, ఆ ఇంట్లో చూస్తే పిల్ల ఏడుస్తోంది, ఇంకో ఇంట్లో మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటున్నారు. తిరిగి తిరిగి మిట్టమధ్యాహ్నం వేళ మాణిక్యం వంటింట్లోకి తొంగి చూసింది. ఇంట్లోవాళ్ళు చేలో ఉన్నారు. మాణిక్యం ఒక్కతే అన్నం వండుతోంది.

దెయ్యం ఆ పిల్ల కళ్ళల్లోకి చూసి తెగ సంతోషపడిపోయింది. నీ లోపల ఎవరూ ఉన్నట్టు లేదే అమ్మాయ్, నేను దిగిపోతానంది. మాణిక్యం గరిటె ఎత్తి పట్టుకుని, నేనున్నానుగా అంది. ఉంటే చెప్పు, నీకేమిష్టం? పులుపంది. అది మీ అత్త. కారమంది. అది మీ మామ. చప్పిడంది. అది మీ ఆయన. నిన్నడుగుతున్నానే నేను! అన్నం ఉడికేలోపు చెప్పకపోతే ఇక నీ నోటితో నేనే మాట్లాడతానని చూరు పట్టుకుని కూచుంది.

ఎసరు కుతకుతలాడుతోంది, ఈ పిల్లకేమీ తట్టడం లేదు. ఏడుస్తూనే ఒక్కొక్కటీ తలుచుకుంది. పులుసు ముద్ద తింటే నాకేమవుతుంది? పళ్ళు జివ్వుమంటాయి. మరి ఇష్టమని ఎందుకన్నాను? అత్తయ్య మెచ్చుకుంటుందని. కారం తింటే? కళ్ళమ్మట నీళ్ళు. మరెందుకన్నాను? మావయ్యగారు మెచ్చుకుంటారని. చప్పిడి కూరో? ముద్ద దిగదు. మరెందుకు? ఆయన మెచ్చుకుంటాడని. అమ్మో, ఇన్నాళ్ళూ అబద్ధాలే తిన్నానా అని సిగ్గేసింది. అప్పుడు మెల్లిగా పుట్టిల్లు గుర్తొచ్చింది. అక్కడ కాకరకాయ వేపుడు చేస్తే మూకుడు గీకి మరీ తినేది.

"కాకరకాయ!" అని అరిచింది. "నల్లగా వేగిన కాకరకాయ నాకిష్టం. పులుపు నాకు పడదు!"

అన్నం ఉడికింది. మనిషుందే లోపల, అని దెయ్యం ఉసూరుమంటూ చూరు దిగింది.

సాయంత్రం మాణిక్యం అత్తగారికి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఇన్నాళ్ళూ నాటకమాడావా అని ఆవిడ మూతి ముడిచింది. నాటకమే అత్తయ్యా, తప్పయిపోయింది, ఇంక ఆడను అంది మాణిక్యం. అంతలో అత్తగారికి అనుమానమొచ్చింది. ఈ పులుపు నాదేనా, మా అత్తగారిదా? ఎంత ఆలోచించినా తెలియలేదు. గబగబా వెళ్ళి వీధి తలుపు గడియపెట్టి, నాకేమిష్టం, నాకేమిష్టం అనుకుంటూ పీట వాల్చుకుని కూచుంది.

తరవాత ఆ ఇంట్లో రోజూ కూర దగ్గర పేచీయే. పేచీ అయ్యాక హాయిగా తినేవాళ్ళు. దెయ్యం ఊరే వదిలి పోయింది. అందుకని మీరూ అప్పుడప్పుడూ మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

ఏవిటీ, నాకేమిష్టమా? నన్నడిగినవాడివి నువ్వొక్కడివేరా నాయనా. నాకు మీ ఇద్దరి మధ్యా పడుకోవడం ఇష్టం లేదు. రాత్రంతా ఒకటే తన్నులు. మీరు చిన్నబుచ్చుకుంటారని ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను. ఊఁ, జరగండి. కథేమో కంచికి, నేనేమో గోడవారకి.