రెండో బిందె నీళ్ళు

పొయ్యి ఎందుకు వెలిగిస్తామర్రా? చెప్పండి చూద్దాం. వండుకోడానికి అంటారు, అంతేగా. ఎంత తేలిగ్గా చెప్పేశారో. ఆ ఒక్క జవాబూ మరిచిపోయి ఒక పెద్ద సత్రం తరాల తరబడి నడిచింది. సర్దుకు కూర్చోండి, చెబుతాను.

కొండ మీది దేవుడి దగ్గరికి జనం కాలినడకన వెళ్ళే రోజుల్లో, ఆ దారి మొదట్లో ఒక అన్నసత్రం ఉండేది. దాన్ని చూసుకునే పెద్ద శరభయ్యగారు. ఆయనకొక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. పైపంచె భుజాన వేసుకుని లేచి నడుస్తారు. జవాబు కావలసినవాడు వెంట నడవాలి. చాలామందికి దారిలోనే ఓపిక పోయేది.

వయసు మీదపడ్డాక ఆయన సత్రం తాళంచెవులు తన శిష్యుడు పైడయ్యకు అప్పగించారు. పైడయ్య మంచి పనిమంతుడు. తెల్లారింది మొదలు కాలు నిలవదు. విస్తళ్ళు చాలవంటే తనే పరుగు, ఉప్పు తగ్గిందంటే తనే పరుగు, యాత్రికుల్లో ఎవరి మూటో కనిపించలేదంటే వెతకడానికీ తనే. పంక్తిలో చివరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా తాను అన్నం ముట్టేవాడు కాదు. అందరూ మెచ్చుకునేవారు. అతనికి మాత్రం రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. కారణం వంటింటి గోడ.

ఆ సత్రంలో గాడిపొయ్యి ఉండేది. గాడిపొయ్యి అంటే నేలలో కాలువలా పొడుగ్గా తవ్విన పొయ్యి, దాని మీద గుండిగలు వరసగా ఎక్కిస్తారు. ఆ పొయ్యికి సత్రం కట్టించిన జమీందారు దొరల తాతగారు స్వయంగా నిప్పు పెట్టారట. అప్పటినించీ అది ఆరలేదు. రాత్రి నివురు కప్పడం, తెల్లవారుజామున ఊది లేపడం. జనం ఆ బూడిద నుదుట పెట్టుకునేవారు. దివాణం వాళ్ళు 'మా ఆరని పొయ్యి' అని పదిమందిలో చెప్పుకునేవారు. సత్రానికి వాళ్ళిచ్చిన పొలాలు ఆ గొప్పకోసమే.

ఇన్నేళ్ళ సెగకు పొయ్యి పక్క గోడ పగిలింది. పైడయ్య రోజూ సాయంత్రం పగులుకు మట్టి మెత్తేవాడు, పొద్దున్నకి అది మళ్ళీ నోరు తెరిచేది. వంటింటి దూలం ఆనింది ఆ గోడ మీదే. గోడ విప్పి కట్టాలంటే నేల చల్లారాలి, నేల చల్లారాలంటే పొయ్యి ఆరాలి. ఆ మాట పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. ఈ తిరునాళ్ళు వెళ్ళనీ అనుకున్నాడు, వెళ్ళింది. పంటల వేళ జనం తగ్గుతారు, అప్పుడు చూద్దామనుకున్నాడు, తగ్గలేదు. ఇక ముసురు పట్టే కాలం ముందుకొచ్చింది.

ఒకనాటి పొద్దున పైడయ్య గురువుగారి చాప ముందు కూలబడ్డాడు.

"స్వామీ, ఈ పూట సంగతి చూస్తుంటే రేపు చేజారిపోతోంది. రేపటి సంగతి ఆలోచిద్దామని కూర్చుంటే ఈ పూట అన్నం మాడుతోంది. పెద్దరికం అంటే ఏది చూడడం?"

శరభయ్యగారు పైపంచె భుజాన వేసుకుని లేచారు.

నేరుగా వంటింట్లోకి నడిచారు. అప్పుడే ఎసరు కాగుతోంది, బియ్యం ఇంకా పొయ్యలేదు. గుండిగలు దింపించారు. పైడయ్య చెయ్యి పట్టుకుని గోడ పగులులో పెట్టించారు. చెయ్యి మణికట్టుదాకా లోపలికి పోయింది. తరవాత ఆయన మూలనున్న నీళ్ళబిందె ఎత్తి పొయ్యిలో గుమ్మరించారు. ఆవిరికి ఇల్లంతా తెల్లబడింది.

గాడిపొయ్యి పొడుగు కదా, సగమే ఆరింది. రెండో సగంలో నిప్పులు ఎర్రగా కణకణమంటూనే ఉన్నాయి. గురువుగారు ఖాళీ బిందె పైడయ్య చేతిలో పెట్టి, వెళ్ళి తన చాప మీద కూర్చున్నారు.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. పైడయ్య ఆ మిగిలిన నిప్పుల్ని ఇటు ఎగదోస్తే చాలు. పొయ్యి ఆరనట్టే. దివాణానికి తెలియదు, పొలాలు పోవు, తాళంచెవులు మొలకే ఉంటాయి. గోడ కూడా అలాగే ఉంటుంది, ఉన్నంతకాలం.

అతను నూతి దగ్గరికి వెళ్ళి బిందె నింపుకొచ్చాడు.

వంటపెద్ద గవరయ్య తెడ్డు అడ్డం పెట్టి నిలబడ్డాడు. అతని తాతా తండ్రీ ఆ పొయ్యి ఊది ఊది కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. "నిన్నటిదాకా పులుసులో ఉప్పెంతని నన్నడిగినవాడివి, ఇవాళ నిప్పార్పే మొనగాడివయ్యావా?" అన్నాడు. పైడయ్య తెడ్డు పక్కకి జరిపి రెండో బిందె కూడా పోసేశాడు. 

ఆ తరవాత భయపడడానికి కూడా తీరిక లేదు. మధ్యాహ్నానికి పంక్తి కూర్చుంటుంది. పెసరపప్పు నానబోయించాడు. అటుకులు తడిపించి బెల్లమూ కొబ్బరీ కలిపించాడు. దోసకాయలు తరిగించాడు. పానకం కలిపించాడు, మజ్జిగ చిలికించాడు. గవరయ్య ఓ మూల తిరిగి కూర్చుని, ఇదేం సత్రం, శ్రీరామనవమి పందిరా అని గొణుగుతూనే కొబ్బరికాయలు కొట్టిచ్చాడు. ఈలోగా పైడయ్య మనుషుల్ని పంపి దుంగలు తెప్పించి దూలం కింద ఆసరాగా నిలబెట్టించాడు.

పంక్తి సగంలో ఉండగా దొరగారి గుర్రం వాకిట్లో ఆగింది. కబురు అంత వేగంగా వెళ్ళింది మరి. దొరగారు పొయ్యి గట్టు మీద నిలబడి తడిసిన బూడిద చూశారు. ఎవరి పని ఇది అన్నారు. గవరయ్య కళ్ళు గురువుగారి చాపవైపు తిరిగాయి. పైడయ్య ముందుకొచ్చాడు.

"మొదటి బిందె ఎవరు పోసినా, ఆర్పింది నేనే దొరా."

"మా తాతగారు పొలాలిచ్చింది ఆ నిప్పుకి. నువ్వు నానబోసిన పప్పుకి కాదు."

"నిప్పుకే ఇచ్చారంటే వెనక్కి తీసుకోండి దొరా. మేం మనుషులకి పెడుతున్నాం. ఈ పంక్తిలో ఆకలితో లేచినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, తాళంచెవులు మీ చేతికిచ్చి నడిచిపోతాను."

దొరగారు పంట్లాం జేబుల్లో చేతులు పెట్టుకుని నిజంగానే పంక్తి వెంట నడిచారు. చివర విజయనగరం వైపు ముసలమ్మ ఒకావిడ, నోట్లో ఒక్క పన్ను లేదు, నానిన అటుకులు హాయిగా చప్పరిస్తోంది. తన మీద నీడ పడితే తలెత్తింది.

"కూసింత పక్కకి జరుగు బాబూ. మజ్జిగొత్తంది."

పంక్తిలో ఎవరో కిసుక్కుమన్నారు. దొరగారు జరిగారు. జరిగినవారు అటునించి అటే గుర్రమెక్కారు. పొయ్యి మళ్ళీ వెలిగినా సరే, ఆ యేటి పంట సత్రానికి రాదని కబురంపారు. పైడయ్య ఆ కబురు విని, కొత్త గోడకి మట్టి తొక్కేవాళ్ళతో పాటు తనూ గోతిలోకి దిగాడు. కొండకెళ్ళే ప్రతి మనిషీ పిడికెడు బియ్యం తెచ్చి సత్రంలో పొయ్యండని దారి పొడుగునా చెప్పించాడు. తెచ్చారు. పొయ్యి వెలిగేదాకా అటుకులతోనే గడిచింది, వెలిగాక అన్నం పలచబడి గంజి అయిన రోజులున్నాయి, పంక్తి కూర్చోని రోజు లేదు.

పాత గోడ విప్పడానికి గునపం అక్కర్లేకపోయింది. లోపలి మట్టి వేళ్ళతో తీస్తేనే ఊడొచ్చింది. అది చూశాక గవరయ్య తనే మట్టితట్ట అందుకున్నాడు. కొత్త గోడ ఆరి, పొయ్యి వెలిగించే రోజున మాత్రం అడ్డం తిరిగాడు. నిప్పు ఎక్కడినించి తేవాలి? దివాణం నించి తెస్తేనే మర్యాద అన్నాడు. ఆ ముసలమ్మ కొండ మీద మొక్కు రోజులన్నీ తీర్చుకుని అప్పుడే దిగి వస్తూ వాకిట్లో ఆగింది. మన వైపు పాతకాలం ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చేవారు. ఆవిడా అలాగే కాలుస్తున్న చుట్టని నోట్లోంచి తీసి చూపించింది.

"కొండెక్కి దిగినా నా నిప్పు ఆర్నేదు నాయినా. ఇది సాల్దా?"

పైడయ్య ఎండుకొబ్బరిపీచు పట్టాడు. ఆరని పొయ్యి ఒక ముసలమ్మ చుట్టతో వెలిగింది. గవరయ్య కళ్ళు మూసుకున్నాడు గాని, ఊదింది మటుకు అతనే.

ఆ పూట పంక్తి లేచాక పైడయ్య గురువుగారి దగ్గరికి వెళ్ళి, స్వామీ, నేనడిగినదానికి మీరు జవాబు చెప్పనేలేదు అన్నాడు. శరభయ్యగారు లేచి వంటింట్లోకి నడిచారు. కొత్త గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచారు.

"వేడెక్కుతోంది," అన్నారు. "ఇదీ ఒకనాటికి పగులుతుంది. రోజూ విస్తళ్ళు ఎత్తాక ఒకసారి ఇలా చెయ్యి పెట్టి చూడు. నీళ్ళబిందె మాత్రం పొయ్యికి దూరం చెయ్యకు."

పొలాలు తిరిగొచ్చాయా అని అడక్కండి. నేను చెప్పను, మీరే ఆలోచించుకోండి. పెరట్లో చింతపండు సగమే గింజ తీశాను, వాన మబ్బు చూస్తే పైకొస్తోంది. లేవనివ్వండి.