జానెడు దూరంలో గంట

బరువంతా పక్కవాడి భుజానికి జరిపి, "ఇద్దరం సమానంగానే మోస్తున్నాం" అని చెప్పుకునే పెద్దమనిషీ, ఈ కథ నీకే. తల తిప్పుకోక విను.

ఒక రాజ్యంలో కొండమీది కోటకు కంచుగంట చేర్పించే పని రాచపనుల అజమాయిషీ చూసే పారుపత్తెదారు నరహరిరాయుడికి పడింది. గంటను టేకు వాసానికి వేలాడదీసి ఇద్దరు మోయాలి. ముందు కొస రాయుడి బావమరిది సింగప్పది, వెనక కొస బోయీ గవరయ్యది. బంధుప్రేమ ఉప్పొంగి రాయుడు గంటను గవరయ్య భుజానికి జానెడు దూరంలో కట్టించాడు. జారవిడిచినవాడికి కొలువు పోతుందని కూడా సెలవిచ్చాడు.

నాలుగు మెట్లకే గవరయ్య ఆగిపోయాడు. "అయ్యా, గంటను నడిమికి జరిపించండి," అన్నాడు.

"వాసం ఒకటి, భుజాలు రెండు. గంట ఎక్కడున్నా చెరిసగమే. శాస్త్రం నీకేం తెలుసురా?" అన్నాడు రాయుడు, మెట్ల పక్కన నిలబడ్డ రాజుగారికి వినిపించేలా.

"చిత్తం. రెండు కొసలూ ఒకటే కాబట్టి సింగప్పగారు ఇటు వస్తారు, నేను అటు వెళతాను. ఎవరికీ నష్టం లేదు కదండీ?"

సింగప్ప గొల్లుమన్నాడు. "బావా, ఆ కొసకు నేను రాను. నా భుజం ఊడిపోతుంది."

రాజు నవ్వాడు. "రాయుడూ, చెరిసగమే కదా. గవరయ్య కొస నువ్వు ఎత్తుకో. గంటను మాత్రం జరపకు."

మిగిలిన నూట ఇరవై మెట్లూ రాయుడు తన శాస్త్రాన్ని తానే మోశాడు. ఆనాడు కుంగిన కుడిభుజం మళ్లీ లేవలేదు. కొలువులో కప్పుకునే జరీశాలువా బతికినన్నాళ్లూ ఆ భుజం మీంచి జారిపోతూనే ఉంది.