రాలే పూలు చెక్కిన కోడలు

అనగనగనగా, సముద్రాల అవతల జపాను దేశంలో ఒక ఊళ్ళో ఒక రాజు. ఆ రాజు తల్లి మంచం పట్టింది. అవి చెర్రీ చెట్లు పూసి రాలే రోజులు. రాలుతుంటే ఒక్కసారి చూడాలని ముసలావిడ ప్రాణం కొట్టుకుంటోంది, లేవలేదు పాపం. మన పెడనలో చీరలకి అచ్చులేస్తారే, వాళ్ళక్కడ కాగితానికేస్తారు. రాజు అచ్చులు చెక్కే ముసలాయన్ని పిలిచి, రాలే పూలు వేసి తెమ్మన్నాడు.

ఊ కొట్టండర్రా, నిద్రపోతే నాకెలా తెలుస్తుంది?

ముసలాయన రెండుసార్లు చెక్కాడు. రెండుసార్లూ రేకులు బొట్టుబిళ్ళలు అంటించినట్టు వరసగా నిలబడ్డాయి. ఈసారీ ఇంతే అయితే ఉలులు లాక్కుంటానన్నాడు రాజు. రాజు ముసలాయన మీద అరిచె, ముసలాయన కొడుకు మీద అరిచె, కొడుకు పెళ్ళాం మీద అరిచె. ఆ కోడలు కియో ఎవరి మీద అరుస్తుందీ? ఈసారి నేను చెక్కుతానంది. ఆడదానికి ఉలేమిటన్నారు. వినలేదు. దానిది ఉడుంపట్టు!

ఆరిన చెక్క ఒక్కటే మిగిలింది. బొమ్మ గీసిన కాగితం అంటించడానికి దాన్ని వాకిట్లో చెర్రీ చెట్టు కింద పెట్టి గంజి రాసింది. ఇంతలో పొయ్యి మీద అన్నం పొంగిపోతుంటే లోపలికి పరిగెత్తింది. ఒక్క గాలి కొట్టింది, అంతే! చెట్టు మీది రేకులన్నీ గంజికి అతుక్కుపోయాయి. మామగారు నెత్తి బాదుకున్నాడు. మొగుడు కడిగేయమన్నాడు. కియో వంగి చూసింది. ఒకచోట గుంపు, ఒకచోట ఒంటరిది, ఒకటి సగం మడతపడి.

"కడగను మామయ్యా. ఎలా పడ్డాయో అలాగే చెక్కుతాను."

రేకున్న చోటల్లా చెక్క తొలిచేస్తే అక్కడ రంగంటదు, కాగితం తెల్లగా మిగులుతుంది. పెద్ద రేకు తొలిచె, చిన్న రేకు తొలిచె, వేలు తెగినా తొలిచె, నడుం పడిపోయినా తొలిచె. మూడోనాడు తొలవగా మిగిలిన చెక్కకి నీలం రంగు పూసి, కాగితం వేసి రుద్దింది.

తనే కోటకి పట్టుకెళ్ళింది. మామగారు భయంతో దాని వెనకాల నక్కాడు. రాజు చూశాడు. తీసుకెళ్ళి తల్లి ఒళ్ళో పెట్టాడు. ముసలావిడ చాలాసేపు చూసింది. చూసి చూసి, దుప్పటి దులుపుకోవడం మొదలెట్టింది.

"కిటికీ ఎవర్రా తీసిందీ? పక్కంతా రేకులే!" అని కసిరింది.

రాజుకి కళ్ళనీళ్ళు ఆగలేదు. కియో పేరునే కొత్త ఉలుల పెట్టె ఇప్పించాడు. మామగారు ఆ పెట్టె తనే మోసుకొచ్చాడు.

అందుకే, చెడిపోయిందని పారేసేముందు ఒక్కసారి వంగి చూడాలర్రా. కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లో దూరండి.